కాలువ కట్టేసిన రోజులు

మార్చి 18, మంగళవారం

రాయమన్నారు, రాస్తున్నాను. నలభై తొమ్మిదేళ్ళ మనిషిని కూర్చోబెట్టి కాపీ రాయించినట్టుంది.

గుండెదడ అని వెళ్తే గుడివాడలో మూడుసార్లు ఈసీజీ తీశారు. మూడుసార్లూ నార్మల్. మూడోసారి ఆ డాక్టరుగారికి విసుగొచ్చింది. మీ గుండె నా గుండె కంటే బాగుంది భుజంగరావు గారూ, బందరులో పూర్ణిమ గారని ఉన్నారు, వెళ్ళి చూపించుకోండి అన్నారు. తీరా వెళ్తే బోర్డు మీద సైకియాట్రిస్ట్ అని ఉంది. వెనక్కి వచ్చేద్దామనుకున్నాను. మా ఆవిడ రత్నకుమారి చెయ్యి పట్టుకుని కుర్చీలో కూలేసింది.

పూర్ణిమ గారు చిన్న వయసావిడ. నెమ్మదిగా మాట్లాడతారు. నాకొచ్చేది నాలుగింటిలో ఏదైనా కావచ్చన్నారు. మందుల చీటీ వెనక రాసి మరీ చెప్పారు. నాకు అర్థమైనంతవరకు ఇదీ. స్ట్రెస్ అంటే నెత్తిన నిజంగానే బరువు ఉంటుంది, దించితే పోతుంది. యాంగ్జయిటీ అంటే రేపటి బరువు, అది వస్తుందో రాదో తెలియకుండానే ఈ రోజు నుంచి మోయటం. ప్యానిక్ అంటే ఉన్నట్టుండి మీద పడి, చచ్చిపోతున్నామన్నంత పని చేసి, కాసేపట్లో వదిలిపోయేది. నాలుగోది పీటీఎస్‌డీ. ఎప్పుడో జరిగిపోయింది ఇప్పుడే జరుగుతున్నట్టు ఉండటం, దాన్ని గుర్తు చేసేవాటి నుంచి తప్పించుకు తిరగటం. ఇవి విడివిడిగా ఉండవట, ఒకదానిలోకి ఒకటి దూరతాయట. అందుకని వచ్చినప్పుడల్లా తేదీ, టైము, అంతకు ముందు ఏం చేస్తున్నానో రాసుకు రమ్మన్నారు.

ఈమధ్య ఏదైనా ప్రమాదం జరిగిందా అని అడిగారు. లేదండీ అన్నాను. రత్నం నా వైపు చూసింది.

మార్చి 20. ఉదయం 9.10

వచ్చింది. కాలువలో ఉన్నాను, నడుం లోతు నీళ్ళలో.

ఏం చేస్తున్నానో రాయాలంటే పనేమిటో కూడా రాయాలి. పెడనలో శ్రీనివాసరావు గారి కలంకారీ షెడ్డులో బట్ట ఉతికే పని నాది. అచ్చులు వేసిన బట్టని పారే నీళ్ళలోనే ఉతకాలి. నిలవ నీళ్ళలో ముంచితే వదిలిన రంగు తిరిగి బట్టకే అంటుకుంటుంది. పొడవాటి బట్ట తానుకి ఆ చివర ఒకడు, ఈ చివర ఒకడు పట్టుకుని కాలువలో నిలబడతాం. మధ్యలో బట్టని నీళ్ళు లాగుతుంటాయి. ఎవడి చివర వాడు వదలకూడదు. వదిలాడా, తడిసిన తాను అవతలివాడి కాళ్ళకి చుట్టుకుని మనిషిని కిందికి తీసుకుపోతుంది.

అవతలి చివర అబ్రహాము. దివిసీమ మనిషి, నాగాయలంక దగ్గర. డిసెంబరులో పనిలో చేరాడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, నన్ను తమ్ముడూ అంటాడు.

వేళ్ళు తిమ్మిరెక్కాయి. గుండె దడదడ. అయిపోయాను అనుకున్నాను. ఎలాగో గట్టు మీదికి వచ్చి కూర్చున్నాను. 9.22కి తగ్గింది. ఏమైందని అబ్రహాము అడిగితే గ్యాస్ అన్నాను. వాము నమలమన్నాడు.

పన్నెండు నిమిషాలు. ప్యానిక్ అని రాస్తున్నాను.

మార్చి 22

మెడ పట్టేసింది. ఇంట్లో పలకరించినవాళ్ళనల్లా కసురుకున్నాను. సోమవారానికి హైదరాబాదు ఆర్డరు వెళ్ళాలి, పని సగంలో ఉంది. ఇది స్ట్రెస్. దీనికి డాక్టరెందుకు.

మార్చి 24

లారీ వెళ్ళింది. మెడ వదిలింది. చెప్పానుగా.

మార్చి 27. సాయంత్రం 5.30

గుడివాడ బస్సు, కిటికీ పక్క సీటు. కాలువ వంతెన మీద వచ్చింది. పక్కాయన కర్చీఫ్ ఇచ్చాడు. ఆయన స్టాపులో దిగకుండా నాకోసం కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

మార్చి 30, ఆదివారం

లేదండీ అన్నాను కదా, అది అబద్ధం.

పోయిన ఆగస్టు పద్నాలుగున నాగేశ్వరరావు బావ పోయాడు. రత్నానికి సొంత అన్నయ్య. పదహారేళ్ళు అవతలి చివర పట్టుకున్నది అతనే. ఆ రోజు పైనుంచి నీళ్ళ మీద తేలే గుర్రపుడెక్క పెద్ద మేటగా కొట్టుకొచ్చింది. ఇద్దరం చూశాం. బావ నవ్వుతూ ఏదో అన్నాడు, నీళ్ళ చప్పుడులో నాకు వినపడలేదు. అది వచ్చి తగిలింది. మనిషి కనపడలేదు. తాను బిగుసుకుంది. బావ ఆ చివర పట్టుకునే ఉన్నాడనుకున్నాను. లాగాను. బరువుగా వచ్చింది, మనిషి బరువు. ఇంకా లాగాను. వచ్చేస్తున్నాడు అనుకుంటూ లాగుతూనే ఉన్నాను. చివర చేతికొచ్చింది. దానికి డెక్క చుట్టుకుని ఉంది, అంతే. బావ సాయంత్రం రెండు కిలోమీటర్ల కింద దొరికాడు.

లాగే బదులు అటు ఈది ఉంటే. ఇదే నేను రోజూ అనుకునేది. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు. అసలెవరూ అడగలేదు. అన్నయ్య ఎలా పోయాడని రత్నం కూడా అడగలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదు.

పదిహేను రోజులకి మళ్ళీ నీళ్ళలోకి దిగాను. ఏమీ కాలేదు. ఈ గుండెదడ మొదలైంది అక్టోబరులో. కాబట్టి దీనికీ దానికీ సంబంధం లేదు.

ఈ పేజీ డాక్టరుగారికి చూపించను. ఈ పేజీనీ తర్వాతి పేజీనీ కలిపి పిన్ను కొట్టేశాను.

ఏప్రిల్ 7

లాకులు దించి కాలువ కట్టేశారు. మళ్ళీ జూన్‌లోనే నీళ్ళు. అప్పటిదాకా షెడ్డులో బోరు నీళ్ళు పైపుతో వదులుకుంటూ ఉతకాలి. ఉప్పు నీళ్ళు, రంగు తేలదు. శ్రీనివాసరావు గారికి రోజూ చిరాకే.

ఏప్రిల్ 18

డాక్టరుగారు నోట్‌బుక్కు మొత్తం చూశారు. పిన్ను దగ్గర ఆగారు. నన్నొకసారి చూసి, పేజీ తిప్పేశారు. మాత్రలు రాశారు. నెలల తరబడి వాడాలి, మీ అంతట మీరు ఆపేయకండి అన్నారు.

ఇరవై రెండు రోజులుగా ఒక్కసారీ రాలేదండీ అని గొప్పగా చెప్పాను. మంచిదే, ఎందుకు రాలేదనుకుంటున్నారు అని నన్నే అడిగారు. ఆవిడకే తెలియకపోతే నాకేం తెలుస్తుంది.

ఏప్రిల్ 29

మోపిదేవి వెళ్ళాం, రత్నం మొక్కు. పుట్టలో పాలు పోశాం. దారిలో ఎన్నో వంతెనలు దాటాం. ఏమీ కాలేదు. కిందికి చూశాను కూడా. ఎండిన బురద, ఎవరిదో ఒంటి చెప్పు.

మే 12

నలభై ఆరు రోజులు. మాత్రల మహిమ అని నేను. స్వామి దయ అని రత్నం. టీ మానేశావు కదా, అందుకే అని అబ్రహాము. అతనికి గ్యాస్ అనే చెప్పాను కదా మరి.

మాత్రలు ఆపేశాను. నోరు ఎండిపోతోంది. జబ్బు లేనివాడికి మందెందుకు.

మే 28

ఏమీ లేదు.

జూన్ 9

శ్రీనివాసరావు గారు పిలిచారు. నీళ్ళు రాగానే పెద్ద ఆర్డరు ఉంది, నువ్వే ముందుండాలి భుజంగం, ఒంట్లో ఎలా ఉంది అన్నారు. భేషుగ్గా ఉందండీ అన్నాను. అబ్రహాము పక్కనే ఉన్నాడు. నేను వదిలేస్తే పోయేది అతని ప్రాణం. నా సంగతి అతనికి చెప్పాలి. కానీ తగ్గిపోయిన జబ్బు గురించి ఏమని చెప్పను. చెప్పలేదు.

జూన్ 17

బ్యారేజీ దగ్గర నీళ్ళు వదిలారని పేపర్లో వేశారు. మనదాకా రావటానికి నాలుగైదు రోజులు. రెండు రోజులుగా అన్నం సయించటం లేదు. ఇంకా రాని నీళ్ళ గురించి బెంగ. చీటీ ప్రకారం ఇది యాంగ్జయిటీ.

జూన్ 23. ఉదయం 7.40

వదిలేశాను.

జూన్ 23. ఉదయం 11.00

అబ్రహాము బతికే ఉన్నాడు. ముందు అది రాయాలి.

కొత్త నీళ్ళు, ఎర్రగా ఉన్నాయి, మాంచి వడిగా ఉన్నాయి. రెండో తాను. నీళ్ళు బట్టని లాగాయి, తాను బిగుసుకుంది. ఆ తర్వాత అవతల ఉన్నది అబ్రహాము కాదు. బావ. బావని చూశాను అనటం లేదు, ఆ రోజులోనే ఉన్నాను. ఆ నీళ్ళ చప్పుడు, ఆ బరువు. ఈసారి లాగకూడదు, ఈదాలి అనుకున్నాను. చివర వదిలేశాను. ఈదలేదు. గట్టు మీద ఉన్నాను. ఎప్పుడు ఎక్కానో తెలియదు.

తాను అబ్రహాము కాళ్ళకి చుట్టుకుంది. మునిగాడు, తేలాడు, మళ్ళీ మునిగాడు. ముప్పై గజాల కింద రేవు మెట్టు దొరికింది. మోకాలు చీరుకుపోయింది, నీళ్ళు మింగాడు. అరిచి జనాన్ని పిలవటం కూడా నేను చెయ్యలేదు. షెడ్డులో అచ్చులు వేసే ప్రసాద్ చూసి పరుగెత్తాడు.

జూన్ 23. సాయంత్రం 5.00

నోట్‌బుక్కు మొదటి నుంచి చదివాను. వచ్చినవన్నీ ఏప్రిల్ 7కి ముందు. ఆ తర్వాత ఈ రోజుదాకా ఒక్కటీ లేదు. వచ్చిన ప్రతిచోటా నీళ్ళున్నాయి. కాలువ, వంతెన, కాలువ.

నన్ను బాగుచేసింది మాత్రలూ కాదు, మోపిదేవి స్వామీ కాదు. కాలువ కట్టేసిన లాకుల వాళ్ళు. ఎండిపోయిన కాలువని చూసి జబ్బు తగ్గిందనుకున్నాను. ఎందుకు రాలేదనుకుంటున్నారు అని ఆవిడ అడిగింది ఇదే.

సిగ్గుగా ఉంది. భయం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది.

జూన్ 24

అబ్రహాము ఇంటికి వెళ్ళాను. మోకాలికి కట్టు కట్టుకుని మంచం మీద ఉన్నాడు. అంతా చెప్పాను. బావ సంగతి, ఈసీజీలు, బందరు డాక్టరు, ఆపేసిన మాత్రలు. తిడతాడనుకున్నాను. జబ్బు ఉంటే ఉంది తమ్ముడూ, దాన్ని నా దగ్గర దాచి నా ప్రాణం పట్టుకున్నావు, అది తప్పు అన్నాడు. తప్పే అన్నాను.

కాసేపటికి తన సంగతి చెప్పాడు. తూర్పు గాలి గట్టిగా కొడితే అతను ఇంటి కప్పు కింద ఉండలేడట, పని కూడా మానేస్తాడట. డెబ్బై ఏడు ఉప్పెనకి అయిదేళ్ళు. వాళ్ళమ్మ తన చీరతో అతన్ని తాడిచెట్టుకి కట్టింది. తెల్లారేసరికి చెట్టుంది, చీర ఉంది, అమ్మ లేదు. ఇది జబ్బనుకోలేదు, అలవాటనుకున్నాను అన్నాడు. నలభై ఎనిమిదేళ్ళ అలవాటు.

నా చీటీలో నాలుగోది చదివి వినిపించాను. మళ్ళీ చదవమన్నాడు.

జూన్ 27

పిన్ను డాక్టరుగారి ఎదురుగా పీకాను. ఆవిడ చదివి, రత్నానికి ఇవ్వనా అని నన్నడిగారు. తలూపాను.

రత్నం చదువుతున్నంతసేపూ ఫ్యాన్ వంక చూశాను. చదివి, అన్నయ్య నిన్ను పిలిచాడా అని అడిగింది. లేదు, అంత టైము లేదు అన్నాను. ఏడ్చింది. నేనూ ఏడ్చాను. పది నెలల తర్వాత ఇద్దరం ఒకచోట ఏడ్చాం. నువ్వు గట్టు మీదే ఉండిపోయావనుకున్నా ఇన్నాళ్ళూ, అడిగితే అవునంటావేమోనని అడగలేదు అంది.

నాలుగోదే అన్నారు డాక్టరుగారు. నాకు వచ్చే ప్యానిక్ దాని లోపలిదట. నెలల తర్వాత బయటపడటం కూడా మామూలేనట. మాత్రలు మళ్ళీ మొదలు. వారానికోసారి వచ్చి ఆ రోజు గురించి మాట్లాడాలి. ఆవిడ చెప్పేదాకా నీళ్ళలోకి దిగకూడదు. దిగినా లోతుకి కాదు, ఇంకొకరి ప్రాణం చేతిలో పెట్టుకుని అసలు కాదు.

జూలై 2

శ్రీనివాసరావు గారికి చెప్పాను. రంగు కాచే రాగి డేగిసా దగ్గర వేశారు. అబ్రహాముకి జతగా ప్రసాద్. ఇరవై ఏళ్ళు కాలువలో బట్ట ఉతికినవాణ్ణి, పొయ్యి ఊదుకుంటున్నాను. కోపంగా ఉంది. ఇది ఏ జబ్బూ కాదు, కోపం.

ఆగస్టు 14

బావ సంవత్సరీకం చేసి నెల కూడా కాలేదు. తిథి వేరు, తేదీ వేరు. నాకు తేదీయే పట్టుకుంది. గట్టు మీద పది నిమిషాలు, రత్నంతో. రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ పోయింది.

సెప్టెంబరు 19

నీళ్ళలోకి, చీలమండల దాకా. డాక్టరుగారు చెప్పాకే.

అక్టోబరు 17

మోకాళ్ళ దాకా, అయిదు నిమిషాలు. డాక్టరుగారు బాగుందన్నారు, తొందరపడొద్దన్నారు. అబ్రహాముని కూడా తీసుకురమ్మంటే అతను నవ్వేసి, గాలి రానీ చూద్దాం అన్నాడు.

నవంబరు 6. ఉదయం 10.05

అంతకు ముందు ఏం చేస్తున్నాను: డేగిసా కింద కట్టెలు సర్దుతున్నాను.

పొద్దున ఆకు కదల్లేదు. పదింటికి తూర్పు గాలి ఒక్కసారిగా లేచింది. ప్రసాద్ తాను దించటానికి షెడ్డుకి వచ్చాడు. అబ్రహాము ఒక్కడే కాలువలో ఉన్నాడు, ఛాతీ లోతులో, తూర్పుకి తిరిగి. పిలిస్తే పలకలేదు. కదల్లేదు.

వెళ్ళాను. ఎంత లోతుకి దిగానో చూసుకోలేదు. చెయ్యి పట్టుకుని గట్టు మీదికి తెచ్చాను. మధ్యలో నాకేమీ కాలేదు.

గట్టు మీద కూర్చున్నాక వచ్చింది. ఇద్దరికీ. నాది పదకొండు నిమిషాలు. అతనిది ఇంకా పోలేదు, పక్కన కూర్చుని రాస్తున్నాను.