ఈమె లేకపోతే నడవదు

సూపరింటెండెంట్ గారికి,

నమస్కారం పెట్టాలని లేదు, అయినా పెడుతున్నాను.

ఉద్యోగం చేసుకుంటూనే టెక్నీషియన్ డిప్లొమా చదువుతాను, ఫీజుకు ఆస్పత్రి నిధి నుంచి సాయం ఇప్పించండి అని పెట్టుకున్న దరఖాస్తు మూడో ఏడు కూడా తిరిగొచ్చింది. ఎందుకు తిరిగొచ్చిందో నిన్న ఆ నిధి కమిటీ గుమస్తా ఫైలు తీసి చూపించాడు.

"మీ సారు మిమ్మల్ని ఆకాశానికెత్తేశారమ్మా. అదే మీ కొంప ముంచింది" అన్నాడు.

పై అధికారి అభిప్రాయం అన్నచోట మూడేళ్లూ మీరు రాసింది ఒకటే వాక్యం. "ఈమె లేకపోతే ఆపరేషన్ పరికరాలు శుభ్రం చేసే గది ఒక్కరోజు కూడా నడవదు." అంత అవసరమైన మనిషిని వారానికి రెండు పూటలు క్లాసులకు ఎలా వదులుతాం అని కమిటీ తేల్చేసింది.

తిట్టినా ఇంత నష్టం జరిగేది కాదు.

ఆ గదిలో పరికరాలను శుద్ధి చేసే ఆవిరి యంత్రం తలుపును మోకాలితో పైకెత్తితే తప్ప గడియ పడదు. బాగు చేయించండని ఎన్నిసార్లు అడిగినా "నువ్వున్నావుగా" అన్నారు. ఈ నెలంతా డ్యూటీ అయ్యాక కూర్చోబెట్టి కొత్త నర్సులిద్దరికీ పనంతా నేర్పాను, ఆ మోకాలి విద్యతో సహా.

సోమవారం నుంచి వారం రోజులు సెలవు పెడుతున్నాను. గది నడిస్తే, దీంతో జతచేసిన కొత్త దరఖాస్తు ఫారంలో "ఈమె లేకపోయినా నడిచింది" అని రాసి సంతకం పెట్టండి. నడవకపోతే, దాన్ని నడిపే మనిషి హాజరుపట్టీలో పన్నెండేళ్లుగా "తాత్కాలిక సహాయకురాలు"గానే ఎందుకుందో రాయండి.

చోటు చాలకపోతే వెనకవైపు ఖాళీగానే ఉంది.

ఇట్లు,
మీరు వదల్లేని మనిషి