దివాణం కుదిర్చిన పెళ్లి

ఎల్స్‌బీ దొరవారి దివాణంలో పెత్తనం చేయు అయ్యవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: థర్స్టన్‌తో నాకు నిర్ణయించిన వివాహము నిలుపుదల చేసి, నా భర్త సాగుచేసిన భూమిని నా పేరనే ఉంచుట గురించి.

ఎల్స్‌బీ కాపురస్తురాలు, చనిపోయిన హామండ్ భార్య ఎమ్మోట్ అను నేను పాదిరి గారిచేత వ్రాయించుకొను మనవి ఏమనగా:

1. పూర్వము దండులు వచ్చి ఊళ్లు తగలబెడుతున్న రోజుల్లో, మా మామగారి పెద్దలు తమ సొంత భూమిని దొరవారి చేతిలో పెట్టి, తిరిగి వారి దయగా పుచ్చుకున్నారు. దొర కత్తి పట్టి కాపాడుట, మేము వారి పొలంలో వెట్టి చేయుట ఒప్పందము. మా వంతు ఏ తరములోను తప్పలేదు. నిరుడు మహమ్మారి వచ్చినప్పుడు దొరవారు కోట తలుపులు మూయించుకున్నారు. కత్తికి ఆగే జబ్బు కాదు గనుక తప్పుపట్టుట లేదు.

2. ఆ జబ్బులో నా భర్తా, ఆడపిల్లలూ పోయారు. ఇంటి యజమాని చనిపోతే మేలైన పశువు దొరవారికి చెందవలెనను ఆచారము ప్రకారము మా ఎద్దును తోలుకుపోయారు. గోతి మీద మట్టి అప్పటికింకా ఆరలేదు. అయినను ఇరుగుపొరుగు వారిని బతిమాలి ఎద్దును తెచ్చి వెట్టి దున్నించాను.

3. మగదిక్కు లేని భూమి పడావు పడునని, మైకేలు దూత పండుగలోగా థర్స్టన్‌ను పెళ్లాడవలెనని, కాదన్నవారి భూమి జప్తు అగునని దివాణంలో తీర్పు చెప్పారు. థర్స్టన్ నా భర్త స్నేహితుడు. అతని భార్య మేబిల్‌ను మావాళ్ల పక్కనే పూడ్చారు. తీర్పు విని బయటికి వచ్చాక అతను, "ఇన్నాళ్లూ వదినా అని పిలిచి ఇప్పుడెట్లా కట్టుకునేది?" అన్నాడు.

"నాకు మాత్రం ఇష్టమా? మేబిల్ దుప్పటి కప్పుకుని పడుకోవాలి నేను" అన్నాను.

వెట్టి పనులు చూసే జోర్డన్ వెనకనుంచి, "మిమ్మల్ని ప్రేమించుకోమన్నారా ఎవరైనా? దున్నమన్నారు, అంతే" అన్నాడు.

పక్క ఊళ్లలో దొరలు వెట్టి మాని కౌలు పుచ్చుకుంటున్నారని విన్నాము. నా దగ్గరా కౌలే పుచ్చుకొనవలెను. నాకు మళ్లీ మొగుడు కావాలో వద్దో నాకే తెలియదు. అది దివాణంలో తేలే సంగతి కాదు.

కావున పండుగకు ముందే దయతో చిత్తగించి సెలవిప్పించవలెను.

తమ విధేయురాలు,
ఎమ్మోట్ (సిలువ గుర్తు)

తా.క.: ఈ అర్జీ పంపకముందే ఒక సంగతి జరిగినది. నిన్న పొద్దున్నే థర్స్టన్ మూట భుజాన వేసుకుని మా దడి దగ్గరికి వచ్చాడు.

"నువ్వు కాదంటే నీ భూమి పోతుంది. నేను లేకుండా పోతే తప్పు నాదవుతుంది, నీ జోలికి రారు."

"మరి నీ పొలం?"

"పోతే పోనీ. ఇప్పుడు పనిచేసే చేతులెక్కడున్నాయి? ఏ ఊరెళ్లినా కూలికి పిలుస్తారు. మేబిల్ గోరీ మీద గడ్డి పెరగనీకు వదినా."

అతను ఎటు పోయాడని జోర్డన్ వచ్చి అడిగాడు. చూడలేదన్నాను. పాదిరి గారు కలం ఆపి నా ముఖం చూస్తున్నారు. రాయండి అంటున్నాను.

నేను దడి దగ్గర చాలాసేపు నిలబడిన మాట నిజము. ఎండ కూడా బాగానే కాసినది. అయినను అతను పోయిన దారి చూడలేదు.