మేడ మీద అద్దెకున్నవాళ్ళు

స్ఫాక్స్, జూన్ 11

ప్రియమైన మొంజీకి,

సరుకుల బండి రేపే మీ సరిహద్దు శిబిరానికి బయల్దేరుతుందట. హడావుడిగా రాస్తున్నాను. నూనె, హరీసా కారం పంపాను. ఎండకి తలగుడ్డ మరవకండి.

మేడ మీద అజువా, పిల్లా బాగానే ఉన్నారు. ఐవరీ కోస్ట్ మనిషని బేకరీ హమ్మాదీ ఆమెకి రొట్టె అమ్మడం మానేశాడు. వీళ్ళొచ్చాకే పిండి కరువైందని క్యూలో అందరూ ఒకటే గొణుగుడు. వాళ్ళకీ కలిపి నేనే తెస్తున్నాను.

నిన్న సర్వేవాళ్ళు వచ్చారు. ఈ నల్లవాళ్ళని ఉండనివ్వాలా, సరిహద్దు దాటించాలా అని ఇంటింటా అడిగారు. పక్కింటి జమీలా చెవులు రిక్కించుకుని నా పక్కనే నిలబడింది. దాటించాలనే చెప్పాను. ఉత్త మాటే కదా. అజువా మెట్ల మీద బట్టలు ఆరేస్తోంది. వినలేదనే అనుకుంటున్నా.

మీ వసీలా

శిబిరం, జూన్ 24

నా వసీలాకి,

నూనె అందింది. సర్వేలో పదిమందిలో ఎనిమిదిమంది పంపించేయమన్నారని రేడియోలో వచ్చింది. మా ఆఫీసరు దాన్ని అందరికీ రెండుసార్లు చెప్పాడు. జనం మన వెనకే ఉన్నారు, ఇంకెవరికి జవాబు చెప్పాలి అన్నాడు.

మర్నాటినుంచి వాళ్ళని ఎక్కించుకుని నంబరు పలకలు లేని బస్సులు ఇక్కడికి వస్తున్నాయి. ఇంతకంటే రాయలేను. అజువాని బయటికి పంపకు. గేటుకి తాళం వేసి ఉంచు. ఎవరడిగినా మేడ ఖాళీ అని చెప్పు.

నీ మొంజీ

స్ఫాక్స్, జులై 3

ప్రియమైన మీకు,

ఇక్కడంతా క్షేమం. అజువా వాళ్ళు వెళ్ళిపోయారు. ట్యూనిస్‌లో చుట్టాలున్నారట. గది కడిగించాను. జమీలా మళ్ళీ మాట్లాడుతోంది, హమ్మాదీ వేడి రొట్టె ముందు నాకే ఇస్తున్నాడు. మీరేం దిగులు పెట్టుకోకండి. ఆ బస్సుల సంగతి మాత్రం నాకు రాయకండి, రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.

మీ వసీలా

శిబిరం, జులై 9

వసీలా,

నీ ఉత్తరం రాకముందే అజువా వచ్చింది. అప్పుడు నేను బస్సు దిగేవాళ్ళని లెక్కపెడుతున్నాను. పిల్లని భుజాన వేసుకుని దిగింది. నా ముఖానికున్న గుడ్డ తీశాను. గుర్తుపట్టింది. ఎలా దొరికిపోయారని అడిగాను.

"వసీలా అక్కే తలుపు తీసిందన్నా. బస్సువాళ్ళు అడక్కముందే మేడ వైపు చూపించింది. ఆమెనేం అనకు. గేటు ముందు పేటంతా చేరి రాళ్ళు పట్టుకున్నారు."

నిన్ను తిట్టే నోరు నాకు లేదు. ఆఫీసరు చూస్తున్నాడు. అటు నడవండని ఎడారి వైపు చెయ్యి చూపింది నేనే. నా సీసాలో సగం నీళ్ళున్నాయి. అదైనా ఇవ్వలేదు.

తెల్లవారాక డబ్బాలో నీళ్ళు పోసుకుని వెళ్ళాను. కొంతదూరం పిల్ల అడుగులు కూడా ఉన్నాయి. తర్వాత తల్లివే, ఇసుకలో లోతుగా దిగి ఉన్నాయి. రాళ్ళనేల వచ్చాక అవీ లేవు. మధ్యాహ్నం దాకా పిలిచాను.

పది రోజులు సెలవిచ్చారు. నేను ఇంటికి రావడం లేదు. రాళ్ళకి అవతల గొర్రెలకాపర్ల బావి ఉందట. ప్రాణాలతో ఉంటే అక్కడికే చేరి ఉంటారు. డ్రైవర్ చేతికి ఇది ఇచ్చి బయల్దేరుతున్నాను.

దొరికితే ఇద్దరినీ మనింటికే తెస్తాను. పేటంతా చూస్తుండగా, పట్టపగలే తెస్తాను. తలుపు నువ్వే తియ్యాలి.

మొంజీ