చెంబు మీద కొబ్బరిచిప్ప

అక్టోబర్ 18

ఎండుచేపల కంపెనీకి కార్తీకమాసాన్ని మించిన శత్రువు లేదు. ఇంకో నాలుగు రోజుల్లో జనమంతా దీపాలూ ఉపవాసాలూ అంటారు. నెత్తళ్ల ప్యాకెట్ వైపు కన్నెత్తి చూడరు. ఈరోజు మీటింగ్‌లో మా బాస్ పృథ్వీరాజ్ వైట్‌బోర్డు మీద ‘అమ్మకం కాదు, కథ’ అని రాసి కింద రెండు గీతలు గీశాడు. నెలంతా మన పేజీలో ఒక్క చేప కూడా కనపడకూడదు, సీరియల్‌గా ఒక కథ నడపాలి అన్నాడు. కథలో ఒకడు సముద్రం మీదికి పోతాడు. కార్తీకం అయిన మర్నాడు తిరిగొస్తాడు. ఆ రోజే సేల్ ఓపెన్.

ఐడియా బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి ఒళ్లు మండింది.

మా బ్రాండ్ పేరు కూర్మమ్మ. అలాంటి మనిషి ఎక్కడా లేదు. లోగోలో ముసలావిడ బొమ్మ ఇంటర్నెట్‌లో కొన్నది. కస్టమర్లు మాత్రం కూర్మమ్మగారి మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని అడుగుతుంటారు. తగ్గాయండీ అని జవాబిచ్చేది నేనే.

అక్టోబర్ 19, ఉదయం

గోపి బావ ఫోన్ ఇంకా స్విచ్ఛాఫ్.

అక్టోబర్ 20

మొదటి భాగం రాశాను. ఒకడు గుజరాత్ బోటు మీద పనికి బయల్దేరతాడు. ఒకమ్మాయి నౌపడ స్టేషన్‌కి వెళ్లి రైలెక్కిస్తుంది. రైలు కదిలాక చూసుకుంటే, వాడి కోసం కట్టిన పొట్లం తన సంచిలోనే ఉండిపోయింది. అమ్మాయికి దుర్గాభవాని అని పేరు పెట్టాను, అది నేనే, తాయారునే అని ఎవరికీ అనుమానం రాకుండా. వాడికి పేరు పెట్టలేదు. పెట్టలేకపోయాను.

ఆ పొట్లం టచ్ ఎక్కడ దొరికింది అని బాస్ అడిగాడు. రీసెర్చ్ అన్నాను. అందులో ఉన్నది ఎండురొయ్యల పొడి. మర్నాడు అన్నంలో కలుపుకుని నేనే తిన్నాను, ఏడుస్తూ.

గోపి మా మేనత్త కొడుకు. మాఘంలో మా పెళ్లి. గుజరాత్‌లోని వేరావల్ రేవులో బోటెక్కితే ఇరవై రోజులు సిగ్నల్ ఉండదు, అది అలవాటే. రేవుకి రాగానే ఫోన్ చేసి, ఏటి తిన్నావే అంటాడు. బాగున్నావా అని ఒక్కసారీ అడగడు. ఈసారి వాళ్లతో వెళ్లిన బోట్లన్నీ తిరిగొచ్చాయి. వాళ్లది రాలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

ఆదివారం నేనుండే అరసవల్లిలో ఆటో దొరకడమంటే దేవుడు దొరకడమే. ఎలాగో రైలందుకుని నౌపడలో దిగి, ఉప్పుమడుల పక్కనుంచి ఆటోలో భావనపాడు చేరాను. ఇంట్లో సంచి పడేసి అత్త దగ్గరికి వెళ్లాను.

లక్ష్మణమ్మత్త గుమ్మం పక్కన చెంబు కడుగుతోంది. మా వీధిలో మగవాడు దూరం వేటకి వెళ్తే, ఆ రోజు నుంచి గుమ్మం దగ్గర చెంబుతో నీళ్లు పెడతారు. పొద్దున్నే పాత నీళ్లు మొక్కకి పోసి కొత్తవి నింపుతారు. వచ్చినవాడు ముందు ఆ నీళ్లు తాగాలి, తర్వాతే గుమ్మం ఎక్కాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు. చిన్నప్పుడు దాహమై తాగబోతే అత్త నా వీపు మోగించింది. ఉప్పునీల్లు తాగొచ్చినోడు ఇంటి నీల్లు తాగితేనే ఇంటోడవతాడు అంటుంది.

ఆ చెంబు మూత ఎప్పుడో పోయింది. కొబ్బరిచిప్పని గాజుపెంకుతో గీకి నున్నగా చేసి మూత తయారుచేసింది బావే. దాన్ని తీసి చేత్తో తడిమాను. అత్త చూసి, మళ్లీ చెంబు కడగడంలో పడింది.

వేరావల్‌లో ఇంకో బోటు మీదున్న ధనరాజు మావతో ఫోన్‌లో మాట్లాడాను. ఆల బోటు మా ఎనకాలే ఉన్నాది, గాలి ఎత్తింది, తెల్లారి సూస్తే నేదమ్మా అన్నాడు.

నవంబర్ 2

కథ ఊపందుకుంది. బాస్ గాల్లో తేలుతున్నాడు. కామెంట్లన్నీ ఒకటే ప్రశ్న. ఎప్పుడొస్తాడు? నన్నా అడుగుతున్నారు!

బొబ్బిలి నుంచి ఒకావిడ రాసింది, మా సత్యనారాయణ వ్రతంలో ఆ బాబు క్షేమంగా రావాలని దణ్ణం పెట్టుకున్నామని. పేరు లేకుండా మొక్కితే ఎవరికి చేరుతుందో తెలీదు. మా బావకే చేరనీ. ఆవిడ కామెంట్‌కి హార్ట్ పెట్టి బాత్రూంలోకి వెళ్లిపోయాను.

నవంబర్ 5

బావ పంపిన చివరి వాయిస్ మెసేజ్‌లో సగం ఇంజను మోతే. వినపడతన్నాదా, వినపడతన్నాదా అని ఒకటే అరుపు. ఈరోజు కూడా విన్నాను. వినపడుతోంది బావా. నువ్వే ఇంకేమీ చెప్పడం లేదు.

నవంబర్ 9

ఆఖరి భాగం రీల్ తీస్తారట, అదీ మా భావనపాడులోనే. హీరోగా విశాఖ నుంచి బాబీ అనే జిమ్ కుర్రాడు. ముగింపు లేకుండా వదిలేద్దాం సార్, జనం ఎదురుచూస్తారు అన్నాను. ఎదురుచూపుతో ప్యాకెట్లు కదలవు తాయారూ, మనిషి రావాలి అన్నాడు.

మనిషి రావాలి. నిజమే సార్. ఆఫీసులో ఎవరికీ బావ సంగతి చెప్పలేదు. చెబితే దాన్నీ కథలో పెట్టేస్తారు.

నవంబర్ 14

షూటింగ్ అయింది.

బాబీ బుజాన వల వేసుకుని నడుంలోతు నీళ్లలోంచి నడిచి రావాలి. వాడికి అల సంగతేం తెలుసు? సముద్రానికి వీపు పెట్టి కెమెరా వైపు నవ్వుతూ నిలబడ్డాడు. వెనక నుంచి వచ్చిన అల ఒక్క తోపు తోసింది. వల చుట్టుకుని బోర్లా పడ్డాడు. ఎలాగో లేచి దగ్గుతూ, కళ్లు నులుముకుంటూ ఒడ్డుకొచ్చాడు. మా వాళ్లంతా నవ్వుతున్నారు. నేనూ నవ్వాను.

అంతలో లక్ష్మణమ్మత్త ఇంట్లోంచి పరుగున వస్తోంది. చేతిలో చెంబు. ఆ చెంబే. నేను అత్తా అని అరిచాను. వినలేదు. చిప్ప తీసి ఇసకలో పడేసి, వాడి తల వెనక చెయ్యేసి, గుక్క గుక్కగా నీళ్లు తాగించింది. మిగిలినవి వాడి మొహం మీద పోసి కొంగుతో తుడిచింది. కెమెరా తిరుగుతూనే ఉంది. బాస్ కళ్లలో నీళ్లు. ఇదే, ఇదే మన ఎండింగ్ అని అరిచాడు.

నేను అత్త చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను. అవి ఎవరి నీళ్లు, ఎవరికి పోశావు అని అందరూ చూస్తుండగా అరిచాను. అత్తకి కోపం రాలేదు. నోట్లోకి ఉప్పునీల్లు ఎల్లిపోనాయే ఆడికి, ఎవల కొడుకో ఏటో అంది. మన గోపిగాడికి ఏ ఒడ్డునైనా ఎవులో ఒకలు పొయ్యాలి గదేటి అంది.

జీపెక్కేటప్పుడు వెనక్కి తిరిగి చూశాను. చెంబు ఖాళీగా గుమ్మం దగ్గర పడి ఉంది. అత్త ఎక్కడా కనపడలేదు.

నవంబర్ 16

ఎడిటింగ్ పని పెట్టారు, ఇంటికి వెళ్లలేదు. ఫ్రేమ్ శుభ్రంగా లేదని ఇసకలో పడ్డ చిప్పని కట్ చేయించాడు బాస్. చిప్పా, చెంబు గుమ్మం దగ్గరున్న షాటూ రెండూ పోయాయి.

అత్త చెంబు మళ్లీ నింపిందా? ఫోన్ చేసి అడగాలంటే భయం. లేదంటే ఏం చెయ్యాలి? చదువుకున్నదాన్ని, రోజుకో అబద్ధం రాసి అమ్ముకునేదాన్ని, ఒక ఖాళీ చెంబుకి ఇంత భయమేమిటో. కళ్లు మూస్తే అదే. నాకు బావ కావాలి. అంతే. కథ వద్దు, ముగింపు వద్దు.

నవంబర్ 21

రీల్ వదిలారు. సేల్ ఓపెన్.

నవంబర్ 22

కామెంట్ల వరద. అమ్మ ప్రేమంటే ఇది, కన్నీళ్లు ఆగలేదు, వంజరం ప్యాకెట్ ఉందా. అన్నిటికీ బాస్ రాసిచ్చిన జవాబొకటే. మీ ప్రేమకు ధన్యవాదాలు, లింక్ బయోలో ఉంది. కాపీ, పేస్ట్. కాపీ, పేస్ట్. పొద్దున్నుంచి ఇదే నా బతుకు.

ఫొటో లేని అకౌంట్, ఎవరిదో గుజరాతీ పేరు. దానికీ పేస్ట్ చేసేశాను. కింది కామెంట్లకి దిగాక ఎందుకో మళ్లీ పైకి వెళ్లి చదివాను. తెలుగు మాటలు, ఇంగ్లీషు అక్షరాలు.

ఆ నీల్లు నాయి. ఎవుడే ఆడు? నా చిప్ప ఏదే తాయారూ?

దానికింద నా జవాబు. మీ ప్రేమకు ధన్యవాదాలు, లింక్ బయోలో ఉంది.

నవంబర్ 22, సాయంత్రం, రైల్లో

ఇంజను పాడై కొట్టుకుపోయిన బోటుని మొన్ననే ఎవరో లాక్కెళ్లి వేరే రేవులో పెట్టారట. బావ ఫోన్ సముద్రంలో పోయింది. నంబర్లన్నీ అందులోనే. ఆ అకౌంట్ టీ కొట్టువాడిదట, నా నంబర్ పంపితే వాడి ఫోన్‌లోనే మాట్లాడాడు. ముందు అడిగిందేమిటో రాయక్కర్లేదు. ఏమీ తినలేదని చెప్పి భోరుమన్నాను.

అత్తకి ఫోన్ చేసి, చెంబు నింపు అత్తా అన్నాను.

ఎప్పుడో నింపీసినానే, ఆ కుర్రోడి జీపు కదలకముందే అంది.