జిల్లేడుకు కట్టిన పసుపుతాడు

మాఘమాసం, ఆదివారం రాత్రి. అర్ధవీడు.

మూడో పెళ్ళి అచ్చిరాదని ఇంటివాళ్ళు పొద్దున నాకు జిల్లేడు చెట్టుతో పెళ్ళి చేశారు. ఇదేం తంతు అని విసుక్కుంటూనే వెళ్ళాను. తీరా పసుపుతాడు కడుతూ, పోయిన నా ఇద్దరు భార్యల పేర్లూ దానికి మెల్లగా చెప్పుకున్నాను. ఇన్నేళ్ళ దిగులు ఎవరో పంచుకున్నట్టు మనసు తేలికపడింది. "నీకు ఇష్టమేనా?" అని కూడా అడిగాను.

అంతలోనే అక్క కొడవలి చేతికిచ్చింది. "నరుకు నాయనా, కీడంతా దాంతోనే పోతాది. రేపొచ్చే పిల్ల నాలుగోదని లెక్క."

నరికాను. పాలు కారి చేతికి అంటుకున్నాయి. లాంతరు ముందు కూర్చుని ఇది రాస్తుంటే ఇంకా వేళ్ళు జిగటగానే ఉన్నాయి.

పిల్ల నాయన ఒప్పుకున్నాడు కదా అనుకున్నాను. చెట్టును అడిగిన ఆ మాట, రేపు తాళి కట్టబోయే పిల్లను ఇంతవరకూ అడగలేదు.