మినుము పూత

సాలిగ్రామం, చెన్నై.

తమ్ముడు వీరాంజికి ఇందక్క దీవెనలు. ఫోన్లో చెబితే ఊఁ కొట్టి మరిచిపోతావని కార్డు రాస్తున్నాను.

నిన్న డబ్బింగులో ఒక వ్యవసాయ చిత్రంలో రైతు భార్యకి గొంతు ఇచ్చాను. "మినుముకి పూతలో ఒకసారి, పిందెలో ఒకసారి సూక్ష్మపోషకాలు ఆకుల మీద పిచికారీ చేస్తే పూత రాలదు, గింజ నిండుతుంది" అనాలి. తెర మీద పసుప్పచ్చ పూత కనపడగానే నాన్న భుజాన స్ప్రేయరు, వెనకాల బిందెలతో మనిద్దరం, నీళ్లు ఒలికి తడిసిన నీ లాగూ గుర్తొచ్చి మాట ఆగిపోయింది.

"ఏందక్కా, ఆడే నిలిచిపోతివి? మీ తమ్ముడికి చెప్పినట్టు చెప్పు" అన్నాడు సౌండు చూసే కోదండపాణి. అలాగే నీకే చెప్పాను. ఈసారి ఒక్క టేకులో అయిపోయింది.

నిరుడు నీ చేలో పూతంతా రాలిపోయింది కదా. ఈసారి తప్పక కొట్టు. పురుగుమందుతో కలపొద్దు, ఎండ తగ్గాక కొట్టు. మోతాదు వ్యవసాయాధికారిని అడుగు. ముక్కుకి గుడ్డ కట్టుకో.

గేదె ఈనిందా? మరదలికి వేవిళ్లు తగ్గాయా? పురిటికి నేనే వస్తాను. కొత్త మినుములు కాసిని దాచి ఉంచు. తనకి సున్నుండలు మన చేలో గింజతోనే చేసిపెట్టాలి.

మీ ఇద్దరికీ, పుట్టబోయే బిడ్డకీ ఆశీస్సులతో,
ఇందుమతి