రొంటిన దోపిన సీసా

మంగళవారం

రేపు గైడ్ సార్‌కి మెయిల్ పంపాలి. ఈరోజు జరిగింది ఇప్పుడే రాసుకోకపోతే, థీసిస్ ఆగిపోతుందన్న భయంతో దాచేస్తానేమో.

నాన్నకి మూర్ఛ వస్తే పళ్ళు బిగుసుకుపోతాయి, మాత్ర వెయ్యలేం. నా థీసిస్‌కి ముక్కులో వేసే మందు జెల్ మీద పని అందుకే మొదలుపెట్టాను. సీసాలో నీళ్ళలా ఉండి, ముక్కు వేడికి చిక్కబడాలి. ఏసీ ల్యాబ్‌లో ప్రతిసారీ అలాగే అయింది.

ల్యాబ్ బయట ఎలా ఉంటుందో చూద్దామని, మందు కలపని జెల్ సీసా ఒకటి తెచ్చి పొద్దున అమ్మకిచ్చాను. ఆమె దాన్ని నడుం దగ్గర చీర మడతలో, రొంటిన దోపుకుని, చేపల తట్ట ఎత్తుకుని ఊళ్ళోకి వెళ్ళింది. మధ్యాహ్నం వచ్చి నొక్కితే చుక్క రాలేదు.

"ఒసే, నీ మందు గంజిలాగ పేరుకుపోనాదే!"

"ఫ్రిజ్‌లో పెట్టాలమ్మా."

నాన్న పడీపడీ నవ్వాడు. "అయితే ఫ్రిజ్జు కూడా నెత్తినెట్టుకుని సేపలమ్ముతాదిలే మీ అమ్మ."

నాకూ నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. అమ్మ ఫోనూ తాళమూ రొంటినే ఉంటాయని నాకు తెలియదా? ఒంటి వేడి ముక్కు దగ్గరే ఉంటుందనుకున్నానా?

మందుని మైక్రోస్ఫియర్లుగా, అంటే కంటికి ఆనని గుళికల పొడిగా చేస్తే వేడికి గడ్డకట్టదు, ముక్కులో తడికి అంటుకుంటుంది. కానీ అన్నీ మొదటినుంచి చెయ్యాలి. సార్ ఏమంటారో...

ఇలా రాస్తాను: "సార్, నా జెల్ మా ఇంట్లో పనిచెయ్యలేదు. ఆ సంగతి థీసిస్‌లో దాచలేను. మైక్రోస్ఫియర్లతో మళ్ళీ మొదలుపెట్టనివ్వండి. సబ్మిషన్ ఫారం ఇవ్వడానికి సోమవారమే గడువు; ఇవ్వాలో ఆపాలో మీరే చెప్పాలి. దయచేసి శనివారంలోగా జవాబివ్వండి."